పొద్దుటి ఫొటో

మంగళవారం, అల్వాల్

గొంతు పోయింది. సేఫ్టీ బెల్టు పెట్టుకోండి, హెల్మెట్ పెట్టుకోండి అని రోజంతా అరుస్తాను. సైటులో ఎవరు వింటారు?

ఇవాళ మూడో అంతస్తు బయట ప్లాస్టరింగ్ చేస్తుంటే యాదగిరి మేస్త్రి కాళ్లకింద పరంజా చెక్క జారింది. పక్క కర్ర చేతికి దొరికింది కాబట్టి బతికిపోయాడు. బెల్టేమో కింద సిమెంటు బస్తాల మీద!

దిగగానే తిట్టాను. తెల్లబోయి చూశాడు.

"పొద్దుగాల ఫొటో దిగినం గద సార్. మల్ల గిప్పుడెందుకు?"

వెటకారం కాదు, నిజంగానే అడిగాడు. పొద్దున్నే అందరికీ బెల్టులు, హెల్మెట్లు పెట్టించి ఆఫీసు వాట్సాప్ గ్రూపుకు పంపే ఫొటో కోసమే బెల్టనుకున్నాడట! ఇన్నేళ్ల మేస్త్రికి ఆ మాత్రం తెలియదా అని ఇంటికొచ్చేదాకా మండిపడుతూనే ఉన్నాను.

కానీ రోజూ ఆ ఫొటో తీసేది నేనే. తీయగానే "అయిపోయింది, పనిలోకి పోండి" అంటూ అందరికంటే ముందు హెల్మెట్ తీసేదీ నేనే.