దిష్టి చుక్క ఉంచండి

ఆదోని,
మంగళవారం.

నా బంగారు అమ్మకు,

నీ తిట్లు వినక రెండేళ్లయింది, చెవులు తుప్పు పట్టిపోయాయి. ఫోన్ చేద్దామంటే నీ నంబరు పలకదు. అందుకే కాగితం మీద రాసి గాజుల దేవక్క చేతికిస్తున్నాను. నెలంతా కనబడని మనిషి ఇవాళ మార్కెట్లో దొరికింది. చదివి పొయ్యిలో వేసెయ్యి.

నా పని సంగతి దేవక్క నీకు ఎప్పుడో చెప్పే ఉంటుంది. గనీ భాయ్ స్టూడియోలో పిల్లల ఫోటోలకు మెరుగులు దిద్దుతాను. చీమిడి ముక్కుల పిల్లలంతా నా కంప్యూటర్‌లోకి వచ్చి దేవుళ్లయిపోతారు. ఒకణ్ణి చందమామ మీద కూర్చోబెడతాను, ఒకదానికి సీతాకోకచిలుక రెక్కలు తగిలిస్తాను. ఏడ్చే పిల్లల కళ్లు తుడిచి మెరుపు పెడతాను. మచ్చలన్నీ తీసేస్తాను గానీ దిష్టి చుక్క జోలికి మాత్రం పోను. చేరిన కొత్తలో దోమకాట్లతో పాటు చుక్కనూ తుడిచేస్తే, ఆ పిల్లవాడి ముసలి జేజి అంగడి ముందు కూర్చొని శాపనార్థాలు పెట్టింది. "మా పిల్లోనికి ఏమన్నా అయితే నీదే పాపం" అంది.

ఆదివారం అన్న ఫోన్ చేశాడు. నా నంబరు ఎవరిచ్చారో తెలియదు. హరికృష్ణ గొంతు అంత మెత్తగా ఉండటం పుట్టి బుద్ధెరిగాక విన్లేదు. "అమ్మకు బాగలేదు శ్వేతా. నిన్నే కలవరిస్తాంది. శుక్రవారం రా. ఒక్కదానివే రా, సామ్సన్‌ను చూస్తే నాయనకు మళ్లీ కోపం వస్తాది. బస్టాండుకు నేనే వస్తా" అన్నాడు. నేను ఫోన్ పట్టుకుని చిన్నపిల్లలా ఏడ్చేశాను. పెళ్లయిన నాటి నుంచి మా వాళ్లు అనే మాట నోట్లో మిగిలిందే తప్ప మనుషులు మిగల్లేదు కదా.

నిన్న ఎమ్మిగనూరు నుంచి జయరాజు ఒక ఫోటో పంపాడు. అతని ఫ్లెక్సీల అంగడికి వచ్చే పిల్లల ఫోటోలన్నీ దిద్దడానికి మా దగ్గరికే వస్తాయి, దిద్దేది ఎవరో అతనికి తెలియదు. ఫోటో తెరిస్తే ఎర్ర గౌను, చెక్క గుర్రం. జాతరలో నువ్వు తీయించిన ఫోటో అమ్మా అది! నేనే. వెనక మబ్బులు, భుజాలకు తెల్ల రెక్కలు, కింద దీపం పెట్టమన్నారు. పైన శ్రద్ధాంజలి. పేరు లేదు గానీ పుట్టిన తేదీ నాదే. స్వర్గస్థురాలైన తేదీ వచ్చే శుక్రవారం.

గనీ భాయ్ నా వెనక నిలబడి, "అయ్యో, ఎవరి బిడ్డో పాపం. మంచిగ చెయ్ బేటీ" అన్నాడు. తేదీ చూసి తప్పేమోనని జయరాజుకు ఫోన్ చేశాడు. "పార్టీ అదే రాయించినారు భాయ్, మార్చొద్దన్యారు. దిష్టి సుక్క గూడా అట్లనే ఉంచమన్యారు" అని జవాబొచ్చింది. చెయ్యనంటే ఎందుకని అడుగుతారు. నా చావుకు నేనే రెక్కలు అతికించానమ్మా.

నాయనే వేయించి ఉంటాడు. ఆయన దృష్టిలో నేను ఎప్పుడో చచ్చాను, ఊరంతా వినేట్టు అన్నాడు కూడా. శుక్రవారం కర్మ చేసి చేతులు కడుక్కుందామనుకున్నాడేమో. మరి అదే రోజు అన్న నన్నెందుకు రమ్మన్నాడు? సామ్సన్ వద్దంటే వద్దంటున్నాడు. కానీ నీకు నిజంగానే బాగలేకపోతే? నేను రాకముందే నువ్వు కళ్లు మూస్తే, ఆ తర్వాత నేను బతికి ఏం లాభం? తిట్టనీ, కొట్టనీ. శుక్రవారం పొద్దున బస్సుకు వస్తున్నాను. ఒక్కదాన్నే వస్తాను.

నీ ఒళ్లో తల పెట్టుకోవాలని ఉంది.

నీ
శ్వేత

ఎమ్మిగనూరు,
బుధవారం.

నా తల్లి శ్వేతకు,

పిచ్చి మొగందానా! నాకు జొరం లేదు, దగ్గు లేదు. గుండ్రాయి లెక్క ఉండాను. నువ్వు బస్సెక్కుతానని రాస్తే సదివి, పొయ్యి మీది సంగటి ఇడిసిపెట్టి ఈ కాగితం పట్టినా.

ఆ ఫ్లెక్సీ ఏయించింది మీ నాయన గాదు. నేను. నా ఫోన్ మీ అన్న పెరుక్కున్యాడు. దేవక్క ఇటు రాకపాయె. బియ్యానికని సెప్పి బయటపడి జయరాజు అంగడికి పోయినా. ఆడికి పోయిన పిల్లోల్ల బొమ్మలు నీ సేతి మీదికే వస్తాయని దేవక్క సెప్పగా తెలుసు. వాడు హరికి స్నేహితుడు, వాని నోటితో నీకు కబురు సెప్పించే దారి లేదు. మా ఆయన ఏయించమన్యాడు, అయ్యవారు తిథి సూసి ఆ తేదీనే పెట్టమన్యాడు, హరితో అనొద్దు ఏడుస్తాడు అని అబద్ధాలు సెప్పినా. నా కూతురికి నా నోటితోనే సావు తేదీ రాయించినా. నా నాలుక తెగిపోను.

తేదీ సూస్తే భయపడి ఆగిపోతావనుకుంటి. సచ్చినోల్లకు దిష్టి సుక్క ఎవురు ఉంచుతారే? అమ్మ పంపింది, నువ్వు బతికుండాల అని నీకు తెలియాలనే అది తియ్యొద్దంటి. ఆ మాత్రం తట్టకపాయెనా నీకు!

నువ్వు యాడుండావో మీ అన్నకు తెలీదు. అందుకే నిన్నే రమ్మంటాండాడు. బస్టాండు నుంచి తీసకపోయేది ఇంటికి గాదు, కాలవ గట్టుకు. వంటింట్లో నుంచి నా సెవులారా విన్యాను. మీ నాయన మంచం మీద కూర్చోని అంతా విన్యాడు. వద్దని ఒక్క మాట అనలేదు.

ఈ కాగితం కాల్చొద్దు. సామ్సన్‌ను ఎంట పెట్టుకోని పోలీసోల్లకు ఇయ్యి. నా కొడుకు పేరు నేనే రాస్తాండా, హరికృష్ణ అని. వాడూ నా కడుపున పుట్టినోడే. ఏం సెయ్యను?

నువ్వు శుక్రవారం రాకపోతే ఇంగో వారం వాడు మళ్లా ఫోన్ సేస్తాడు. అమ్మ సచ్చిపోయింది, కడసూపుకు రా అంటాడు. నా ఫోటో గూడా ఆ పిల్లోల్ల బొమ్మల్లో కలిసి నీ దగ్గరికే వస్తాది. ఈ కాగితం సంగతి తెలిస్తే నా సావు నిజమే కావచ్చు. నల్లదాన్ని గదా, నా మొగం రవ్వంత తెల్లగా సేసి పంపు. నువ్వు మాత్రం రావద్దు.

ఇట్లు,
మీ అమ్మ సుంకమ్మ