మాకినమ్మ చీర

మార్చి 12, 1942. మంగళగిరి.

మహాజనులారా, క్షమించండి. ఈ పుటల్లో సిరా పలచన, వ్యాకరణం అంతకన్నా పలచన, రాసేవాడు అన్నిటికన్నా పలచన. రంగూన్‌లో పుట్టి, రంగూన్‌లోనే బి.ఏ. వెలగబెట్టి, జపాను బాంబులకు జడిసి, కన్నతండ్రి పుట్టిన ఊరికి పరదేశిగా విచ్చేసిన ఈ అల్పుడు, ఇకపై రాయబోయే ప్రతి అబద్ధానికీ ముందుగానే సాష్టాంగపడుతున్నాడు. మహాజనులెవరూ లేరు కనుక క్షమాపణ మంజూరైనట్టే.

మార్చి 14.

చవక ఊరు. సాంబయ్య బాబాయి అరుగు పక్క గది, కోటమ్మ పిన్ని చేతి అన్నం, కొండ మీంచి గాలి — అన్నీ ఊరికే. రంగూన్‌లో ఇంత దర్జాగా బతకాలంటే దొరై పుట్టాలి. ఇక్కడ లుంగీ చుట్టుకుని వీధిలోకి వస్తే చాలు. "అదుగో, రంగూన్ దొర!"

మాట్లాడేది తెలుగే. అయినా నోరు తెరిస్తే నాటకం చూసినట్టు చూస్తారు.

మార్చి 19.

తెల్లవారకుండానే లేపారు. వీధి పొడుగునా మగ్గానికి ఎక్కించే నూలు, పడుగు, పరిచి గంజి పెడుతున్నారు. నా వంతు — కొస పట్టుకుని నిలబడటం. తుమ్మాను. వదిలేశాను. నూలు దుమ్ములో...

"కాలేజీలో పట్టుకోడం నేర్పలేదంట్రా?"

"వదలడం నేర్పారు బాబాయ్."

వీధంతా నవ్వింది. గదిలోకొచ్చి చాలాసేపు నా చేతులు చూసుకుంటూ కూచున్నాను.

మార్చి 27.

పిన్ని అడిగేసింది. ఇన్నాళ్లు ఎలా ఆగిందో. "నీ పెళ్లామేదిరా?"

నాన్న పోయేముందు రాసిన ఉత్తరంలో అంతా ఉందట. బర్మా పిల్ల, బుద్ధిమంతురాలు, నా కోడలు అని.

"ఓడలో చోటు దొరకలేదు పిన్నీ. తరువాతి ఓడలో వస్తుంది."

తరువాతి ఓడ లేదు. రంగూన్ జపాను వాళ్ల చేతిలో ఉందని పేపరు చదివే ప్రతివాడికీ తెలుసు. పిన్ని పేపరు చదవదు.

"పేరేంటి?" — "మా ఖిన్. 'మా' కూడా పేరులోదే." — రెండుసార్లు నోట్లో తిప్పి చూసింది. "మాకినమ్మ," అంది. బారసాల అయిపోయింది.

మార్చి 28.

"తెలుగొచ్చా పిల్లకి?"

వచ్చు. నేనే నేర్పాను. మర్యాద కోసం ప్రతి మాటకీ అండీ తగిలించమన్నాను. ఆమె పిల్లిని కూడా వదల్లేదు. "పాలు తాగండీ." పిన్ని పడి పడి నవ్వింది. నేను నవ్వించాను. ఇంట్లో నాకున్న ఉద్యోగం అదొక్కటే.

ఏప్రిల్ 8.

యుద్ధం వచ్చాక నూలు కంటికి కనబడటం లేదు. బాబాయి ఎక్కడో దాచిన మంచి నూలు తీశాడు. పసుపుపచ్చ చీర, ఎర్ర అంచు. మాకినమ్మకట.

"ఆమెకు చీర కట్టడం రాదు బాబాయ్. వాళ్లు రెండు గజాల గుడ్డ చుట్టుకుంటారు."

"నేను నేసేది ఎనిమిది గజాలు. మిగతా ఆరూ మీ పిన్ని నేర్పుద్దిలే."

ఏప్రిల్ 21.

బెజవాడ స్టేషను. బర్మా నుంచి కొండలు దాటి నడిచొచ్చిన వాళ్లు కలకత్తా బండిలో దిగుతున్నారు. పాదాలకు గుడ్డపీలికలు. మజ్జిగ పోసే వాళ్లతో కలిసి నేనూ పోశాను. రంగూన్‌లో మా వీధి వాళ్లెవరూ లేరు.

ఒక ముసలాయన గ్లాసు తిరిగిస్తూ — "నువ్వెట్లా వచ్చావు నాయనా?"

"ఓడలో."

నేను ఇంకో గ్లాసు నింపాను.

మే 3.

చీర పూర్తయింది. కొయ్యరట! ఈ ఇంటి కోడలి మొదటి చీర మగ్గం మీంచి కోడలే కత్తిరించాలి. పిన్ని అలాగే కత్తిరించింది, ఆమె అత్తగారూ అంతే. అది తెగేదాకా దాని వెంట ఇంకో పోగు నేయకూడదు. ఉన్నది ఒక్కటే మగ్గం.

మే 17.

మగ్గం చప్పుడు లేదు. బాబాయి పక్కవీధిలో వేరేవాళ్ల మగ్గం మీద కూలికి కూచుంటున్నాడు. ఈ వయసులో.

"కోసేద్దాం బాబాయ్. ఆమె ఏమీ అనుకోదు."

"నీకేం తెలుసురా. పైకి అనకపోయినా అనుకుంటారు."

మే 18.

చెప్పేద్దామనుకున్నాను. తీరా ఒక హాస్యం చెప్పి ఊరుకున్నాను. బాగా పేలింది.

మే 30.

పొద్దున్నే పిన్ని చీర మీద దుమ్ము దులుపుతుంది. రోజూ. నాకు అన్నం దిగడం లేదు. దొరగారికి అజీర్తి అని బాబాయి ప్రకటన.

జూన్ 11.

స్టేషన్లో నూకరాజు! రంగూన్‌లో మా మేడ కింద మిషను కుట్టే నూకరాజు. నేను గుర్తుపట్టలేదు, అతనే పట్టాడు. సగం అయిపోయాడు మనిషి.

మజ్జిగ ముట్టకుండానే — "అమ్మగారొచ్చేశారా బాబూ?"

"ఏ అమ్మగారు?"

"అదేటండి! మా ఖిన్ అమ్మగారండి. తమ ఓడ ఎల్లిపోయాక సాయంత్రం దాకా రేవులోనే కూకున్నారు, పెట్టె మీద. మర్నాడు నా కాడికొచ్చి అడిగారు — మంగళగిరికి బండి ఎక్కడ మారాలండీ, అని. బెజవాడలో అన్నాను. మా ముందు గుంపుతో నడిచి బయల్దేరారు."

"తరువాత?"

"కొండల్లో గుంపులు చెదిరిపోయాయండి. మరి కనబళ్లేదు."

ముందు గుంపు. అయితే ఈపాటికి...

జూన్ 12.

పిన్నికి చెప్పాను. నడిచి వస్తోంది, అన్నంత వరకే.

"చూశావా! అందుకే కొయ్యొద్దన్నా!" కత్తెరకు నూనె రాసి మగ్గం పక్కన పెట్టింది. బాబాయి కండువాతో మొహం తుడుచుకుని — "వచ్చిద్దిరా. మరి నువ్వెందుకేడుస్తున్నావు?"

జూన్ 13.

మహాజనులారా. మొదటి రోజు అడిగిన క్షమాపణ పరాచికానికి అడిగాను. రద్దు చేయండి.

ఆ రోజు ఓడలో చోటుంది. రెండు టిక్కెట్లూ నా జేబులోనే ఉన్నాయి.

రేవులో గుమాస్తా తెలుగువాడు. భార్య బర్మా మనిషైతే వేరే కాగితం కావాలి, భర్త కూడా అటు వరసలో నిలబడాలి, అన్నాడు. ఆ వరస కదలడం లేదు. ఓడ రెండో కూత వేసింది. వెనకనుంచి తోస్తున్నారు.

"ఈవిడ మీ భార్యా?"

"కాదు. సామాను సాయానికి వచ్చింది," అన్నాను.

మా ఖిన్ నా వంక చూడలేదు. చేతిలో ఉన్న పెట్టె నేల మీద పెట్టింది. గుమాస్తాకు, నేను నేర్పిన తెలుగులో, నేను నేర్పినంత మర్యాదగా చెప్పింది —

"అవునండీ."