కంకర గొయ్యి రావమ్మకు చెందవలెను

కృష్ణా జిల్లా మైలవరం కాపురస్తురాలిని, కీర్తిశేషులు పసల అంతోని గారి భార్యను, అరవై ఏడేళ్ల పసల శౌరమ్మ అను నేను, తండ్రి కుమార పరిశుద్ధాత్మ నామమున, నా కుమారుడు బెన్నీ, కుమార్తె జెస్సికా, ఇతర సంబంధీకుల ఎరుక కొరకు వ్రాయించిన వీలునామా ఇది. నాకు బీపీ ఉంది, మోకాళ్లు పట్టుకుపోయాయి. బుద్ధికి మాత్రం ఏ లోటూ లేదు. ఎవరి బలవంతం మీదా, ఎవరి బోధన మీదా దీన్ని వ్రాయించటం లేదు. నేను బ్రతికున్నంత కాలం నా ఆస్తి నా స్వాధీనంలోనే ఉంటుంది. నా తదనంతరం ఈ దిగువ చెప్పిన ప్రకారం జరగవలెను.

1. మైలవరంలో నేను కాపురమున్న డాబా ఇల్లు, వెనుక ఖాళీ స్థలంతో సహా, నా కుమార్తె జెస్సికాకు సర్వహక్కులతో చెందవలెను. వంటగది కిటికీ వానాకాలంలో బిగుసుకుపోతుంది. దానిని గుద్దకూడదు, కింద నుంచి కొంచెం ఎత్తి తోయాలి. అమ్మాయికి ఓపిక తక్కువ కనుక వ్రాయిస్తున్నాను.

2. టిప్పర్లు, అవి నిలిపే రేకుల షెడ్డు నా కుమారుడు బెన్నీకి చెందవలెను. వాటిని వాడు పసిపిల్లల్లా చూసుకుంటాడు. కోపంగా ఉన్నప్పుడు మాత్రం స్టీరింగు ముట్టుకోవద్దని తల్లిగా కోరుతున్నాను.

3. ఊరికి పడమర, గుట్ట వాలులో ఉన్న రెండెకరాల చిల్లర మెట్ట, అందులోని పాత కంకర గొయ్యి, చెట్లు, నీళ్లతో సహా, మా క్వారీలో పనిచేసిన కొమ్ము రావమ్మకు చెందవలెను. నా భర్త తన జీవితకాలంలోనే ఈ భూమిని నా పేర రిజిస్టరు చేయించారు కనుక దీనిని నా ఇష్టప్రకారం ఇవ్వటానికి నాకు పూర్తి హక్కు ఉంది. రావమ్మ మాకు బంధువు కాదు. ఆమెకు ఎందుకు ఇస్తున్నదీ నా పిల్లలకు తెలియాలి గనుక, జరిగింది జరిగినట్టు ఇక్కడ చెబుతున్నాను.

అంతోని గారు పోయాక ఆ గొయ్యిలోని కంకర క్వారీని నేనే నడిపాను. 1996లో గనుల తనిఖీకి ఇష్తియాక్ గారనే అధికారి వచ్చారు. సన్నటి మనిషి, మెల్లగా మాట్లాడతారు. గొయ్యి అంచున నిలబడి పడమటి గోడను చాలాసేపు చూశారు. దాని నీడలో రావమ్మా, మిగతా కూలీలూ క్యారేజీలు విప్పుకుని అన్నం తింటున్నారు.

"గోడ నిట్టనిలువుగా ఉందమ్మా. తవ్వాల్సినంత లోతూ తవ్వేశారు. ఈ రోజుతో పని ఆపించి, గోడలు వాలు చేయించి, మట్టి నింపి చెట్లు పెట్టించండి," అన్నారు.

నాకు ఒళ్లు మండింది. "పని ఆపితే వీళ్లేం తింటారండీ?" అని అడిగాను.

"ముందు ఆ గోడ కింద కూర్చుని తినటం మానిపించండి. రేపటి సంగతి రేపొచ్చి నాతో పోట్లాడుదురు గాని," అన్నారాయన.

పోట్లాడటానికి విజయవాడలో ఆయన ఆఫీసుకు వెళ్లాను కూడా. ఆయన కాఫీ ఇప్పించారు గానీ మాట మార్చలేదు. పని ఆపక తప్పలేదు.

ఆ తర్వాత వచ్చిన తుఫానుకు పడమటి గోడ మొత్తం జారిపోయింది. వాన వెలిశాక నేనూ రావమ్మా వెళ్లి చూశాం. గొయ్యి ఆకారమే మారిపోయింది. కూలీలు అన్నం తినే చోట లారీ అంతేసి పెళ్లలు పడున్నాయి. రావమ్మ వేలు పెట్టి చూపిస్తూ, "నేను రోజూ కూకునేది అక్కడేనండి," అంది. నేను సిలువ గుర్తు వేసుకున్నాను. వేసుకున్న చెయ్యి దించటం మరిచిపోయాను.

అదే రోజు ఇంకొకటి చూశాం. గోడ విరిగిన చోట, ఎర్రమట్టి మధ్యన, గుండ్రాళ్ల వరుస ఒకటి ఈ చివరి నుంచి ఆ చివరి దాకా బయటపడింది. కోడిగుడ్డంత రాళ్లు, గుమ్మడికాయంత రాళ్లు, అన్నీ నున్నగా, ఒకదాని మీద ఒకటి ఒరిగి ఉన్నాయి. మళ్లీ వచ్చినప్పుడు ఇష్తియాక్ గారు ఆ వరుస ముందు చెప్పులు విడిచి నిలబడ్డారు. బురదకు విడిచారో, మరెందుకు విడిచారో నేను అడగలేదు.

"నీళ్లు దొర్లించి నునుపు చేసిన రాళ్లమ్మా ఇవి. ఎప్పుడో ఇక్కడ ఏరు పారింది," అన్నారు.

"ఎప్పుడండీ?"

"చూసి చెప్పటానికి అప్పటికి మనిషి పుట్టి ఉండడు."

వాన చుక్క కోసం ప్రతి ఏడూ ఆకాశం వైపు చూసే మెట్ట అది. ఏటి అడుగు మీద కూర్చుని ఆ ఏటినే లారీలకెత్తి అమ్ముకుంటూ వచ్చామని తెలిశాక వంగి ఆ రాళ్ల మీద చెయ్యి పెట్టాను. దేవుడు చేసిన పని ఎంత పాతదో గుడిలో విన్నాను గానీ, చేత్తో తాకి చూసింది ఆ రోజే.

తరువాత పూడ్చే పని మొదలుపెట్టాం. చెరువు పూడిక మట్టి తెచ్చాం. ఉయ్యూరు చక్కెర ఫ్యాక్టరీ నుంచి, చెరకు రసం వడకట్టగా మిగిలే నల్లమడ్డిని ఎరువుగా తోలించాం. పులిసిన బెల్లం వాసన ఊరంతా కమ్మితే అందరూ నన్ను తిట్టుకున్నారు. కానుగ, వేప, సీతాఫలం మొక్కలు పెట్టాం. మొదటి ఎండాకాలానికే దాదాపు అన్నీ మాడిపోయాయి. ఇక వదిలేద్దామన్నాను. "మళ్లీ ఏద్దామండి, నేలకింకా అలవాటు కాలేదు," అంది రావమ్మ. మిగతా కూలీలు ఇటుక బట్టీల పనికి వెళ్లిపోయినా ఆమె వెళ్లలేదు. బిందెలతో నీళ్లు మోసింది, మేకల్ని తరిమింది. మళ్లీ పెట్టినవి నిలిచాయి.

చివరగా ఉత్తరపు గోడ వాలు చేయాల్సి ఉంది. మట్టి తవ్వే ప్రొక్లెయిన్ వచ్చి నిలబడింది, ఇష్తియాక్ గారు కూడా వచ్చారు. గోడ నిండా చిన్న చిన్న బొక్కలు కనపడ్డాయి. ఒక్కొక్క బొక్కలోంచి పచ్చటి పిట్టలు బాణాల్లా బయటికి వచ్చి, గాలిలోనే తేనెటీగల్ని పట్టుకుని మళ్లీ లోపలికి దూరుతున్నాయి. లోపల పిల్లలున్నాయి. ఆయన చెయ్యెత్తి మెషీను ఆపించారు. ఎండలో అలాగే నిలబడి చూశారు. ఆయన నిలబడ్డారని మేమూ నిలబడ్డాం. అందరం గుడిలో ఉన్నట్టు ఉన్నాం.

"కూలుతుందని గోడల దగ్గర పని ఆపించాను గానీ, బతికుందని ఆపించటం ఇదే మొదలమ్మా," అన్నారు. పిల్లలు ఎగిరిపోయాకే పని ముగించాలని వ్రాసి సంతకం పెట్టారు. అలాగే చేశాం.

ఇప్పుడు గొయ్యి పల్లంలో వాననీరు నిలుస్తోంది. గుట్ట దిగువన ఎండిపోయిన బావుల్లో ఊట తిరిగి వచ్చింది. మట్టి పోసి మొక్కలు పెట్టటం మా చేతుల పనే. ఊట రావటం మా చేతుల పని కాదు. అది తలుచుకున్నప్పుడల్లా నాకు భయం లాంటి సంతోషం కలుగుతుంది.

కనుక ఆ భూమి రావమ్మది. అక్కడ ఆమె గానీ, ఆమె తరువాతి వారు గానీ కంకర తవ్వకూడదు, తవ్వనివ్వకూడదు. మిగిలిన సర్వహక్కులూ ఆమెవే. సీతాఫలాలు ఆమె కోసుకున్న తరువాతే ఇతరులు.

4. మా మరిది సంజీవరావుకు అన్నదమ్ములిద్దరూ కలిసి దిగిన ఫోటో, అంతోని గారి చేతిగడియారం ఇస్తున్నాను. తనిఖీవాళ్లను నేనే పిలిపించానని కూలీలతో లేనిది చెప్పింది ఇతనే. కంకిపాడులో పెళ్లి పందిట్లో అందరి ఎదుటా, "ఏం వదినా, నేలకి వైద్యం చేయిస్తున్నావంటగా?" అని నవ్వించిందీ ఇతనే. అది నేను మరిచిపోలేదు. అయినా ఆ ఫోటోలో అన్న భుజం మీద చెయ్యి వేసిన తీరు చూస్తే వేరే ఎవరికీ ఇవ్వబుద్ధి కాలేదు.

5. గోడ విరిగిన రోజు నేను తెచ్చుకున్న గుండ్రాయి ఒకటి, తలుపుకు అడ్డం పెట్టుకునేది, ఇష్తియాక్ గారికి చేర్చవలెను. ఆయన రిటైరై విజయవాడలో ఉన్నారు. ఆయన తీసుకునే వస్తువు ఇదొక్కటే అనుకుంటాను.

6. ఈ వీలునామాను అమలు జరిపే బాధ్యత నా కుమారుడు బెన్నీకి అప్పగిస్తున్నాను. ఇది చదివి వాడే ఆశ్చర్యపోతాడు. "హైవే పనికి కంకర దొరక్క అల్లాడుతున్నారమ్మా, నువ్వేమో చెట్లకి వదిలేస్తావా?" అని వాడు నాతో తగువుపడి మాటలు మానేసిన సంగతి ఇంటింటికీ తెలుసు. ఈ బాధ్యత, దీనికి సాక్షిగా ఉన్న ఉపాధ్యాయుడు జాన్‌బాబు గారికి ఇద్దామనే మొదట అనుకున్నాను.

పోయిన నెల వాడు నాకు చెప్పకుండా రోడ్డు కాంట్రాక్టరును వెంటబెట్టుకుని గొయ్యి దగ్గరికి వెళ్లాడు. పల్లంలోకి దిగి, మోకాలి లోతున నిలబడి, ముఖం కడుక్కుని, చాలాసేపు పైకి రాలేదట. గట్టు మీద నుంచి కాంట్రాక్టరు, "ఏమయ్యా, ఎంత కంకర ఉంటుందిక్కడ?" అని కేకేశాడు.

"ఇక్కడ కంకర లేదండీ, నీళ్లున్నాయి," అన్నాడట బెన్నీ.

వాడు ఈ మాట నాతో చెప్పలేదు. రావమ్మ చెప్పింది. నాకు తెలిసిందని వాడితో చెప్పొద్దని నేను ఆమెతో అన్నాను.

2006 డిసెంబరు 11, సోమవారం, మైలవరం.

పై వ్రాతంతా చదివించుకుని విని, సరిగా ఉన్నదని ఒప్పుకుని చేసిన సంతకం:
పసల శౌరమ్మ

మా ఎదుట ఆమె సంతకం చేయగా చూసిన సాక్షులు:
1. గుజ్జర్లపూడి జాన్‌బాబు, ఉపాధ్యాయుడు
2. షేక్ కాశిం, టైర్ల షాపు

దస్తావేజు వ్రాసినవారు: వేముల హనుమయ్య