సముద్రం వైపు గోడకు ఏడాది దాకా సున్నం వేయవద్దు

శ్రీకాకుళం జిల్లా భావనపాడు కాపురస్తురాలు, జగన్నాధం భార్య గనగళ్ళ చిన్నతల్లి అను నేను, ఒంట్లో ఓపిక తగ్గినా బుద్ధి తిన్నగా ఉండగా, ఎవరి ప్రోద్బలమూ లేకుండా ఇష్టపూర్తిగా రాయించిన వీలునామా. నాకు మతి చలించిందని మా మరిది కొడుకు నరేష్ ఊరంతా చెబుతున్నాడు. చదివి మీరే తేల్చుకోండి.

1. నా స్వార్జితమైన పెంకుటిల్లు నా చెల్లెలి కూతురు దుర్గాభవానికి చెందాలి. "పెద్దమ్మా, ఇది ఇంకా తడిగానే ఉన్నాదే" అని సముద్రం వైపు గోడకు చెయ్యి ఆనించి చూసింది అదొక్కతే.

2. గోడ సంగతి. మా ఆయన సముద్రంలోకి చేపల వేటకెళ్ళి తిరిగి రాలేదు. శవం దొరకలేదు గనక దినాలు నేను చేయనివ్వలేదు. మైల ఉన్న ఇంటికి ఏడాది తిరక్కుండా సున్నం వేయరు. ఆయన బతికే ఉన్నాడని ఊరికి తెలియాలని నేను ఆ ఏడు దీపావళికే సున్నం వేయించాను. సున్నం ఆరగానే సముద్రం వైపు గోడ మీద మనిషెత్తు మరక దిగింది, గుమ్మానికి భుజం ఆనించి నిలబడ్డట్టు. ఆయన అలాగే నిలబడేవాడు. ఉప్పిసకతో కట్టిన గోడ, చెమ్మ ఊరుతోందంటారు ఊళ్ళోవాళ్ళు. అదే ఇసకతో కట్టిన తక్కిన గోడలు అప్పడాల్లా ఎండి ఉన్నాయి. ఇన్నేళ్ళలో నేను వంగిపోయాను గానీ మరక వంగలేదు.

3. నరేష్‌కు మా ఆయన తెడ్డు. నా మాట కాదని ఆ గోడకు వాటర్‌ప్రూఫ్ రంగు పూయించాడు. వానకు అది పొక్కి మనిషి వీపంత ఉబ్బింది. గోకితే వెచ్చటి ఉప్పునీళ్ళు కారాయి. "అమ్మా, గోడకి జొరమొచ్చినాది, నాను సెయ్యను" అని రంగులాయన బ్రష్షు పారేసి వెళ్ళిపోయాడు. వీడి మీద నాకు కోపమే. అయినా ఆ తెడ్డు పట్టే చెయ్యి మా ఇంట్లో వీడిదొక్కటే.

4. పక్కింటి అమ్మడుకు నా ఇత్తడి గుండిగ. నా ఎండుచేపలు తిన్నది మాత్రం దాని పెంపుడు పిల్లే.

5. నేను పోయాక మా ఇద్దరికీ కలిపి ఒకేసారి నరేష్ కర్మ చేయాలి. ఏడాది ఆ గోడను ముట్టవద్దు. తర్వాత రంగంతా గీకించి, సిమెంటు తగలనివ్వకుండా గుల్లసున్నం వేయించాలి. ఆయన్ని వదలడం నా ప్రాణం ఉండగా నా వల్ల కాదు. మీరు వదిలిపెట్టండి.

6. మొన్నటి తుపాను వెలిశాక చూస్తే బయట గోడ మీద మరక లేదు. రంగు ఇప్పటికి పనిచేసిందని నరేష్ మురుస్తున్నాడు. లోపల నా మంచం పక్క గోడ మనిషెత్తున చెమ్మగిల్లింది. చెయ్యి పెట్టాను, వెచ్చగా ఉంది. నాకు భయం లేదు. మంచం ఎవరూ జరపవద్దు.

భావనపాడు, 14 నవంబరు 2024
గనగళ్ళ చిన్నతల్లి వేలిముద్ర

సాక్షులు:
మైలపల్లి గోపి
కోడా రాజకుమారి