కోసేసిన చేపకు మొదటి బహుమతి

శ్రీవారికి మీ ఇల్లాలు నమస్కరించి రాస్తున్న సంగతులు. నేనూ, అత్తయ్యా, చిట్టీ ముగ్గురం కులాసా. ఓడ మీద మీరూ, మీ వంటగదీ కులాసాగా ఉన్నారని తలుస్తాను.

మీరు అడిగినవాటికి ముందు జవాబులు చెప్పేస్తాను, లేకపోతే సంబరంలో మర్చిపోతాను. వంటింటి పంపు కారడం మానింది. చిట్టి రోజూ మీ ఫొటోకి ముద్దులు పెట్టి అద్దమంతా జిడ్డు చేస్తోంది. పోయిన నెల ఉత్తరం నాలుగు లైన్లే ఎందుకు రాశావని అడిగారు. దానికి జవాబు చివర్లో ఉంది. ముందే అక్కడికి దూకి చదివారో, ఒట్టు, మీతో మాట్లాడను.

ఇక అసలు సంగతి. చేపలు పట్టే పోటీలో నేను గెలిచాను! నేనే! పిల్లల ఆసుపత్రికి సాయంగా ఆదివారం చెరువు దగ్గర పెట్టారు. అందరికంటే బరువైన చేప పట్టినవాళ్ళు ఏది అడిగితే అది, వసూలైన చందాలతో ఆసుపత్రికి కొంటారట. ఫొటో స్టూడియో ఆయన తను గెలిస్తే గేటుకి పెద్ద ఆర్చి కట్టిస్తానని వారం ముందే నమూనా గీయించాడు. నేనేమో ఊపిరి అందించే మిషను ఇంకొకటి కొనిపించాలని పంతం పట్టాను. అక్కడ ఉన్నది ఒక్కటే.

చేపలు అమ్మడమే తప్ప పట్టడం ఎరగనిదాన్ని, ఏం చూసుకుని వెళ్ళానో! మీరు ముట్టుకోవద్దన్న గేలం కర్ర చూసుకునే. తిట్టకండి, ఇంకా చాలా ఉంది.

పొద్దున్నుంచి అరచేయంత చేప కూడా పడలేదు. పదకొండింటికి తాడు ఒక్క గుంజు గుంజింది చూడండి, నేను చెరువులోకి వెళ్ళినంత పనైంది. అత్తయ్య వెనకనుంచి నా నడుం వాటేసుకుంది.

"వదలకే అమ్మాయ్! నువ్వు వదిలావంటే నేను దూకుతాను!"

"ముందు నన్ను వదలండి అత్తయ్యా, ఊపిరాడటం లేదు!"

మీ గేలం కర్ర కొస ఫట్‌మని విరిగింది. అదీ చెప్పేశాను. అయినా ఇద్దరం కలిసి చేపను గట్టెక్కించాం. చంటిపిల్లంత ఉంది! జనం మూగారు. "బాగుందమ్మా చేప!" అన్నారెవరో. అంతే. పదకొండేళ్ళుగా ఆ మాట అన్నవాళ్ళకి చేప కోసివ్వడమే కదా నా పని. ఎర కోయడానికి తెచ్చిన కత్తి చేతిలోకి ఎప్పుడొచ్చిందో తెలియదు. వాళ్ళతో కబుర్లు చెబుతూనే పొలుసులు గీకేసి, తల తీసేసి, పొట్ట శుభ్రం చేసేశాను. ముక్కలు కొట్టబోతుంటే అత్తయ్య కెవ్వుమంది.

"ఏం చేశావే తల్లీ! ఇంకా తూకం వెయ్యలేదే!"

కాటా మీద పెడితే ఐదు కిలోలు. ఫొటో ఆయనది ఆరు. ఆయన అప్పుడే తల దువ్వుకుంటున్నాడు. నాకు కళ్ళముందు ఆర్చి తప్ప ఇంకేమీ కనిపించలేదు.

అప్పుడు గుర్తొచ్చింది, బకెట్! బజారులో కోసి తీసేసినవి నేల మీద పడేస్తే ఊరుకోరు కదా, ఇక్కడా అలవాటుగా అన్నీ బకెట్లోనే వేశాను. పరుగున తెచ్చి, తలను మెడకి ఆనించాను. అంచుకి అంచు అతికినట్టు కలిసింది. మొప్పలూ, పేగులూ సర్ది, పొలుసులు గుప్పిళ్ళతో పోశాను.

"ఇదెక్కడి న్యాయం మాస్టారూ?" అన్నాడు ఫొటో ఆయన.

తూకం చూస్తున్న డ్రిల్లు మాస్టారు నియమాల కాగితం రెండుసార్లు చదివారు. "చేప మొత్తం రావాలని రాశాం. వచ్చింది. కాకపోతే వాయిదాల్లో వచ్చింది" అన్నారు. ఆరు కిలోల రెండు వందల గ్రాములు! అత్తయ్య మాస్టారిని కావలించుకోబోయి ఆఖరి నిమిషంలో ఆగింది. ఫొటో ఆయన కూడా చివరికి నవ్వేసి నన్నూ, బకెట్‌నూ కలిపి ఫొటో తీశాడు. దీంతో పంపుతున్నాను.

ఇప్పుడు ఆ నాలుగు లైన్ల సంగతి. అవి ఆసుపత్రి బెంచీ మీద కూర్చుని రాశాను. చిట్టికి ఆయాసం వచ్చి ఐదు రోజులు అక్కడే ఉంచారు. నడి సముద్రంలో ఉన్న మీరు వింటే ఏం చేయగలరని దాచాను. క్షమించండి. ఇప్పుడు ఇల్లు పీకి పందిరేస్తోంది, నమ్మండి.

ఇంకొకటి ఉంది. అది అత్తయ్యకి కూడా చెప్పలేదు. ఉన్న ఒక్క మిషన్నీ నర్సమ్మ చిట్టికొక గంట, పక్క మంచం బాబుకొక గంట మార్చి మార్చి పెట్టేది. మూడో రోజు మధ్యాహ్నం మన గంట అయిపోయి ఆమె వస్తే, నేను గొట్టం గట్టిగా పట్టుకుని "ఇంకో పది నిమిషాలు" అన్నాను. పక్క మంచం తల్లి వింది. గోడ గడియారం చూస్తూ బాబు వీపు రాస్తూ కూర్చుంది. ఆ బాబు కూడా నయమై ఇంటికెళ్ళాడు. కానీ ఆ పది నిమిషాలు నన్ను వదల్లేదండీ.

నిన్న కొత్త మిషను వచ్చిందంటే చూడ్డానికి వెళ్ళాను. రెండు మంచాల దగ్గరా రెండూ నడుస్తున్నాయి. ఇద్దరు తల్లులూ ఏవో కబుర్లలో పడ్డారు. నేనున్నంతసేపూ ఒక్కరు కూడా గడియారం వైపు చూడలేదు.

ఇట్లు,
మీ గేలం కర్ర విరిచిన
మీ ఇల్లాలు