ఆపటే కాకా ఫోన్

పుణే, సోమవారం

తాయీ,

ఆఫీసు నుంచి వస్తూనే రాస్తున్నాను, అక్షరాలు వంకరపోతే తిట్టకు.

మా బిల్లింగ్ సాఫ్ట్‌వేర్‌లో కాంట్రాక్టుకు కొత్త దశ, అంటే ఫలానా తేదీ నుంచి మారే రేటు, ఎలా చేర్చాలో వివరిస్తూ ఒక పేజీ రాశాను. మెస్ నడిపే ఆపటే కాకా అది చేతకాక రోజూ ఫోన్ చేసి మమ్మల్ని తిట్టేవాడు. ఆయన ఆ పేజీ చదివి, ఎవరినీ అడగకుండా పని పూర్తిచేస్తేనే నా ఉద్యోగం ఖాయమన్నాడు మేనేజరు.

మధ్యాహ్నం ఫోన్ మోగింది. కాకాయే! నా పని అయిపోయిందనుకున్నాను.

"ఎక్కడ ఆగిపోయారు కాకా?"

"ఆగడమేంటమ్మా! హాస్టల్ భోజనాలకి దీపావళి తర్వాతి రేటు చేర్చేశా. బిల్లూ సరిగ్గా వచ్చింది. మరి రేపట్నుంచి నేనెవరితో పోట్లాడాలి?"

స్పీకర్‌లో వింటున్న మేనేజరు పగలబడి నవ్వాడు.

"నాతోనే పోట్లాడండి కాకా," అన్నాను. "నేనిక ఇక్కడే ఉంటాగా!"

నీ చెల్లి