రెల్లు మడుగు బిల్లు

చిట్టికి,

అమ్మమ్మ సగం దీవిస్తూ, సగం కోప్పడుతూ రాసేది.

నువ్వు పంపిన బిల్లు ప్రతి అందింది. శాసనసభలో స్టెనో ఉద్యోగం చేసే మనవరాలు ఉన్నందుకు నాకు ఇన్నాళ్ళకి ఒక ప్రయోజనం కనబడింది. "నీటి నేలల సంరక్షణ చట్ట సవరణ బిల్లు" అని పేరు చూసి సంతోషించాను. లోపల చదివాక కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ చదివాను. కోపం మొదటిసారి కంటే ఎక్కువైంది.

మన పెరటి గోడ వెనక రెల్లు మడుగు నీకు తెలుసు. చిన్నప్పుడు ఒక చెప్పు అందులో పోగొట్టుకుని, రెండోది కూడా ఎందుకులే అని విసిరేసి వచ్చావు. కిందటేడు వానలకి నీళ్ళు మన గడప దాకా వచ్చి, లోపలికి రావాలా వద్దా అని కాసేపు ఆలోచించి వెనక్కి మళ్ళాయంటే, వీధి నీళ్ళన్నీ ఆ మడుగు తాగబట్టే. ఇప్పుడు దాని మీద మట్టి కాంట్రాక్టరు కన్ను పడింది. ఒక మూల అప్పుడే లారీలతో మట్టి పోయించాడు. మడుగంతా పూడిస్తే ఈసారి నీళ్ళు ఆలోచించవు, తిన్నగా నా మంచం కిందికి వస్తాయి.

ఇక మీ సభవాళ్ళ నిర్వాకం చూడు. "నీటి నేలలను ఎవరూ పూడ్చరాదు" అన్న బంగారంలాంటి వాక్యం కింద గీత కొట్టారు. "అధికారి అనుమతితో పూడ్చవచ్చు" అన్న దిక్కుమాలిన ముక్కని బ్రాకెట్లు కట్టి మరీ పొదిగారు. అంటే ఉన్న రక్షణ తీసేసి, లేని దారి తెరుస్తున్నారన్నమాట. జీవితమంతా పిల్లల కాంపోజిషన్లలో తప్పుల కింద గీతలు కొట్టినదాన్ని, గీత పడిన వాక్యం గతి ఏమిటో నాకు ఒకరు చెప్పాలా?

ఈ బిల్లుని ఆపి తీరతాను. ఎలా ఆపాలో రాయి. ఫోన్ చెయ్యకు. ఫోన్లో నువ్వు "ఊఁ, ఊఁ" అంటూ ఇంకో పని చేసుకుంటావు. పైగా నువ్వు ఉద్యోగస్తురాలివి, నేను ఈ ఉదయం నుంచి ఉద్యమకారిణిని. మన మధ్య మాటలన్నీ కాగితం మీద ఉండటం మంచిది.

ఎర్ర పెన్ను మూత వెతుక్కుంటూ,
మీ అమ్మమ్మ

తా.క. మీ నానమ్మ, అంటే మా వియ్యపురాలు, కూడా ఒక ప్రతి తెప్పించుకుందట. బ్యాంకు మేనేజరుగా చేసిన మనిషి, సంతకం ఎక్కడ పెట్టాలో తప్ప ఏం చదువుతుందిలే.

*

అమ్మమ్మకి,

తిట్లు పోగా మిగిలిన దీవెనలు అందుకుని చిట్టి రాసేది.

నేను బిల్లు చదవలేదు. మేము సభలో మాట్లాడింది టైపు చేస్తాం కానీ, రాసింది చదవం. నువ్వు చదివావుగా, చాలు. నాకు అక్షరాలు నేర్పిందే నువ్వు. అంత ఘోరమైన బిల్లని తెలిస్తే ఇంకాస్త మందపాటి కవర్లో పంపేదాన్ని.

ఎలా ఆపాలన్నావు కాబట్టి, గుమ్మం మీద బోర్డు చూసి ఎవరైనా తెలుసుకోగలిగినంతే చెబుతాను. బిల్లు ఇప్పుడు సభా సంఘం దగ్గర ఉంది. వాళ్ళు వచ్చే నెల మొదట్లో జనం అభిప్రాయాలు వింటారు. ముందుగా పేరు నమోదు చేసుకున్న వాళ్ళకి తలా కొద్ది నిమిషాలు ఇస్తారు. నీకు కొద్ది నిమిషాలు ఎక్కడ సరిపోతాయి? అందుకని రెండో నియమం విను: నమోదు చేసుకున్నవాళ్ళు ఎవరైనా తమ సమయాన్ని ఇంకొకరికి సంతకం పెట్టి ఇచ్చెయ్యవచ్చు. ఒకసారి ఇచ్చాక వెనక్కి తీసుకునే వీలు లేదు. ఇచ్చినవాళ్ళు ఇక నోరు విప్పకూడదు.

ఆ రోజు స్టెనో డ్యూటీ నాదే. నువ్వు మాట్లాడేది నా చేతుల మీదుగానే రికార్డవుతుంది. కాస్త ఆగి ఆగి మాట్లాడు.

వేళ్ళు విరుచుకుంటూ,
చిట్టి

తా.క. నానమ్మ ఫోన్ చేసి, "మీ అమ్మమ్మకి బిల్లు బాగా అర్థమైందా?" అని అడిగింది. అర్థం కానిదేదైనా ఉంటుందా అన్నాను. "అదేలే" అని పెట్టేసింది.

*

చిట్టికి,

వీధి వీధంతా వెంటపెట్టుకున్న అమ్మమ్మ రాసేది.

ఉద్యమమంటే ఇంత మెట్లెక్కడమని ముందు తెలియదు. మనుషులందరూ పై అంతస్తుల్లోనే ఎందుకుంటారో! మందుల షాపాయన నుంచి మేడ మీది డ్రాయింగ్ మాస్టారి దాకా అందరికీ బిల్లు చదివి వినిపించాను. ఒక్కరూ ఎదురు చెప్పలేదు. సగం మంది నా దగ్గర చదువుకున్నవాళ్ళు, తక్కిన సగం మంది పిల్లలు నా దగ్గర చదువుకున్నారు. అందరూ పేర్లు నమోదు చేసుకుని, తమ నిమిషాలు నాకు రాసిచ్చేశారు. మందుల షాపాయన "మాట్లాడే బాధ తప్పింది టీచరుగారూ" అని తలనొప్పి మాత్రలు ఊరికే ఇచ్చాడు.

రాసివ్వనిది మా వియ్యపురాలు ఒక్కతే. గేటు దగ్గరే నిలబెట్టి, "బిల్లు మంచిదే కదా వదినా?" అంది. చూశావా? మీ అమ్మ పెళ్ళినాడు నేను పందిరి చాలదంటే ఆవిడ చాలుతుందంది. అప్పటినుంచి ఇప్పటిదాకా మేము ఒక్క విషయంలో ఒక మాట మీద లేము. నేను చెడ్డదంటే ఆవిడకి మంచిదవుతుంది. "మళ్ళీ చదవండి వదినా" అన్నాను. "మీరే చదవండి" అంది. గేటు వేసుకుంది.

సంఘం ఆఫీసుకి కూడా ఘాటుగా ఒక లేఖ రాశాను. "మీ ఆవేదన బిల్లు ఉద్దేశానికి అనుగుణంగానే ఉన్నది. దయచేసి బిల్లును మరొకసారి చదువుకోగలరు" అని జవాబిచ్చారు. చదువుకోగలనట! నాకు! ఆ జవాబులో వత్తు తప్పులు ఎర్ర పెన్నుతో దిద్ది, పదికి నాలుగు వేసి తిరుగు టపాలో పంపాను.

అసలు సంగతి ఇప్పుడు చెబుతాను, కూర్చుని చదువు. మట్టి కాంట్రాక్టరు మారిపోయాడు! తనే ఇంటికొచ్చాడు. చెప్పులు వాకిట్లోనే విడిచి, "అమ్మా, మీరు బిల్లుకి వ్యతిరేకంగా పోరాడుతున్నారని విన్నాను. మీలాంటి పెద్దలు ఉండబట్టే లోకం ఇలా ఉంది. నేను కూడా మీ వెనకే" అన్నాడు. నా ప్రసంగం చదివి వినిపిస్తే రెండు చోట్ల కళ్ళు తుడుచుకున్నాడు. సంఘం ముందుకి వెళ్ళడానికి మాకందరికీ వ్యాను ఇస్తానన్నాడు. తనూ, తన మనుషులూ పేర్లు నమోదు చేసుకుని, నిమిషాలన్నీ నాకే రాసిచ్చారు. కాగితం మీద "ఈ బిల్లు విషయంలో అమ్మగారి మాటే నా మాట" అని తన చేత్తో రాసి సంతకం పెట్టాడు. ఒక మనిషిలో ఇంత మార్పు తెచ్చానంటే ఈ వయసులో నాకే ఆశ్చర్యంగా ఉంది. బతికుండగానే విగ్రహం పెడతామంటారేమోనని భయంగా ఉంది. పెడితే మాత్రం మడుగు వైపు మొహం ఉండాలి, వియ్యపురాలి ఇంటి వైపు వద్దు.

ప్రసంగం కంఠతా పడుతూ,
అమ్మమ్మ

తా.క. బిల్లు ఆఖరి పేజీ వెనక ఖాళీగా ఉంటే నా ప్రసంగం దాని మీదే రాసుకున్నాను. సర్కారు కాగితం, వృథా పోకూడదు. ఆ పేజీ ముందు వైపు ఏదో సన్నటి అక్షరాల్లో ఉంది. ప్రెస్సువాళ్ళ అడ్రసేమో.

*

(విచారణ హాల్లో, అటెండరు చేతికిచ్చి పంపిన చీటీ)

అమ్మమ్మా,

లేవకు. చదివాక లే.

నేను మిషను ముందు ఉన్నాను, నోరు విప్పకూడదు. నీ ఉత్తరం ఇవాళ పొద్దున అందింది. కాంట్రాక్టరు వ్యాను ఇస్తానన్నాడన్న చోట ఆగిపోయి, పరుగున వెళ్ళి బిల్లు తెరిచాను. సవరణ బిల్లులో కింద గీత ఉన్నవి కొత్తగా చేర్చే మాటలు. బ్రాకెట్లలో ఉన్నవి పాత చట్టంలోంచి తీసేసే మాటలు. అది సన్నటి అక్షరాల్లో ఆఖరి పేజీలో ఉంది. "పూడ్చరాదు" అన్నది కొత్తది. "అనుమతితో పూడ్చవచ్చు" అన్నది ఇన్నాళ్ళూ ఉన్నది, ఇప్పుడు పోయేది. నువ్వు బిల్లుని తలకిందులుగా చదివావు. నిన్ను నమ్మి నేనూ చదవలేదు. కాంట్రాక్టరు మారలేదు. ఈ బిల్లు ఆగితే మడుగు ఆయనదే.

తర్వాతి పేరు నీదే.

చిట్టి

*

(అదే చీటీ వెనక)

చిట్టీ,

చదివాను. నువ్వు పొరబడ్డావేమోనని మళ్ళీ చదివాను. ఒక్క తప్పు కూడా దొరకలేదు, అదే నా బాధ.

మంచినీళ్ళు పంపించు. మీ నానమ్మ వైపు చూడకు.

అమ్మమ్మ

తా.క. "తలకిందులుగా" అన్నమాట బాగుంది. రికార్డులోకి మాత్రం రానీకు.

*

చిట్టికి,

గర్వం కాస్త దిగి, కాళ్ళు బాగా వాచి, అమ్మమ్మ ఇంటినుంచి రాసేది.

ఆ రోజు నువ్వు తలెత్తకుండా టకటకలాడిస్తూనే ఉన్నావు. మాటలు నీకు అందాయి గానీ మొహాలు అందలేదు. అవి నేను చూశాను, రాస్తున్నాను.

మైకు ముందుకి వెళ్ళి నా కాగితం తీశాను. ప్రసంగం ఉన్న వైపు కాకుండా వెనక్కి తిప్పాను. ప్రెస్సువాళ్ళ అడ్రసు కాదు. గీత అంటే ఏమిటో, బ్రాకెట్టంటే ఏమిటో ఎంత మర్యాదగా రాసిపెట్టారో! ఇన్నాళ్ళూ ఆ మాటల వీపు మీద కూర్చుని ప్రసంగం రాసుకున్నాను. బడిలో ఎవడైనా పిల్లవాడు ప్రశ్నపత్రం మీది సూచనలు చదవకుండా జవాబులు రాస్తే బెంచీ ఎక్కించేదాన్ని. హాల్లో బెంచీ కోసం చూశాను. అన్నీ మెత్తటి కుర్చీలే.

"అయ్యా, నేను ఈ బిల్లుని తప్పు చదివాను" అన్నాను. కాంట్రాక్టరు అలవాటు కొద్దీ చప్పట్లు కొట్టాడు. మధ్యలో ఆపాడు.

"నా వెనక వీళ్ళంతా నా మాట నమ్మి వచ్చారు. నా చదువు తప్పయింది గానీ మా కోరిక తప్పు కాదు. మాకు మడుగు కావాలి. కింద గీతలున్నవన్నీ ఉంచండి. బ్రాకెట్లలోవన్నీ పారెయ్యండి. ఈ బిల్లు ఉన్నదున్నట్టు కావాలి" అన్నాను.

మందుల షాపాయన పక్కవాణ్ణి "అంటే మనమిప్పుడు ఏ వైపు?" అని అడగడం వినబడింది. "టీచరుగారి వైపే" అన్నాడు పక్కవాడు. కడుపు నిండింది.

అప్పుడు లేచాడు కాంట్రాక్టరు, మొహం తడిసిన మట్టిలా పెట్టుకుని. "అధ్యక్షా, నేను రెండు ముక్కలు..." అన్నాడు. అధ్యక్షుడు కాగితాలు తిరగేసి, "మీ సమయం ఈ అమ్మగారికి రాసిచ్చారు కదండీ. ఆవిడ మాటే మీ మాట అని కూడా రాశారు. చాలా పెద్ద మనసు. కూర్చోండి" అన్నాడు.

"కూర్చో నాయనా, మనిద్దరి మాటా నేనే చెబుతాగా" అన్నాను. ఆయన నిమిషాలు ఇంకా మిగిలి ఉన్నాయి. వాటిని వృథా చెయ్యడం నాకు ఇష్టం లేదు. అందుకని ఆయన తరఫున, మూలన పోసిన మట్టి సొంత ఖర్చుతో ఎత్తించడానికి ఆయన సిద్ధంగా ఉన్నారని కూడా చెప్పాను. అదీ రాశావు కదూ? రాసే ఉంటావు.

బయటికొచ్చేసరికి కాంట్రాక్టరు వ్యాను లేదు. వీధి వీధంతా బస్సులో నిలబడి వచ్చాం.

బిల్లు మార్పుల్లేకుండా గట్టెక్కిందని నిన్న పేపర్లో చూశాను. ఇవాళ పొద్దున మడుగు దగ్గరికి లారీ వచ్చింది. పొయ్యడానికి కాదు, ఎత్తడానికి. డ్రైవరు నా వైపు చూడలేదు. నేను మాత్రం గోడ మీంచి చెయ్యూపాను.

ఇంకో బిల్లేదైనా ఉంటే పంపు. ఆఖరి పేజీని ముందు పెట్టి కుట్టించి పంపు.

మూత దొరికిన ఎర్ర పెన్నుతో,
అమ్మమ్మ

తా.క. అసలు బాధ ఇది. నా తర్వాత మీ నానమ్మ మైకు ముందుకొచ్చి, "మా వియ్యపురాలు చెప్పింది అక్షరాలా నిజం. నాకు వేరే మాట లేదు" అని వెళ్ళి కూర్చుంది. తన నిమిషాలు ఎవరికీ ఇవ్వకుండా దాచుకున్నది ఆ ముక్క కోసమే! బస్సులో నా పక్కనే సీటు ఉంచి, "ఇన్నాళ్ళకి ఒక మాట మీదికి వచ్చాం వదినా" అని కూడా అంది. మేమిద్దరం ఏకాభిప్రాయంతో ఉన్నట్టు సర్కారు రికార్డులో శాశ్వతంగా పడిపోయింది. నువ్వే కదా టైపు చేసేది. అచ్చుకెళ్ళేలోగా ఆ వాక్యానికి అటూ ఇటూ బ్రాకెట్లు పెట్టడానికి వీలవుతుందేమో చూడు.